ఓడ అడుగున పాచి - విషం లేని పూతల కోసం అన్వేషణ

సముద్రపు నీటిలో దించిన ఏ వస్తువూ ఎక్కువ కాలం శుభ్రంగా ఉండదు. కొయ్య గానీ, ఇనుము గానీ, సిమెంటు దిమ్మె గానీ నీట మునిగిన కొద్ది గంటలలోనే దానిపై కంటికి ఆనని సేంద్రియ పదార్థపు పొర ఒకటి ఏర్పడుతుంది. ఆ పొరను ఆశ్రయించి బాక్టీరియా, వాటి వెంట డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాలు చేరుతాయి. చెరువు మెట్ల మీద కాలు జారేటట్లు చేసే పాకుడు వంటిదే ఇది. కొన్నాళ్లకు పచ్చని నాచు మొలుస్తుంది. ఆపైన బార్నకిల్‌లు, ఆల్చిప్పలు, సున్నపు గొట్టాలు కట్టుకొని వాటిలో నివసించే పురుగులు స్థిరపడతాయి. శాస్త్రజ్ఞులు దీనిని ‘బయోఫౌలింగ్’ అంటారు. పాచి, గుల్ల పట్టడమని సులభంగా చెప్పుకోవచ్చు. దీనిని అడ్డుకొనేందుకు ఓడ అడుగుకు వేసే పూతల చరిత్ర రెండున్నర శతాబ్దాల పైబడినది. ఆ చరిత్రలో చాలా భాగం విషాల చరిత్రే. ఆ విషం ఓడను కాపాడింది. దాని మూల్యాన్ని మాత్రం రేవు చుట్టుపక్కల నీటిని నమ్ముకొని బతికేవారు చెల్లించారు.

ఓడలకు ప్రధాన శత్రువు

పైన చెప్పిన జీవులలో ఓడ యజమానులను అన్నింటికంటె ఎక్కువగా బాధించేది బార్నకిల్. చూపుకు చిన్న నత్తగుల్లవలె కనిపించినా ఇది నత్త జాతిది కాదు. రొయ్యకూ పీతకూ దాయాది. పిల్లదశలో నీటిలో స్వేచ్ఛగా తిరుగుతుంది. డింభకంగా చివరి దశకు రాగానే ఆహారం మానివేస్తుంది. తలపై ఉన్న స్పర్శాంగాలతో ఉపరితలాన్ని తడుముతూ, నడుస్తూ, అనువైన చోటు కోసం వెదకుతుంది. నచ్చిన చోట ప్రోటీనుతో కూడిన జిగురును స్రవించి తలకిందులుగా అతుక్కుంటుంది. ఇక జీవితకాలంలో ఆ చోటు మారదు. చుట్టూ సున్నపు పలకలతో కోట కట్టుకొని, కాళ్లతో నీటిలోని ఆహారాన్ని తోడుకొంటూ బతుకుతుంది. జీవి చచ్చినా గుల్ల మొదలు ఊడిరాదు. ఉలితో చెక్కినా జిగురు మచ్చ మిగిలే ఉంటుంది.

అతుక్కున్న తరువాత దానిని వదిలించడం కష్టం కాబట్టి, అతుక్కోబోయే ఆ క్షణంలోనే అడ్డుకోవాలి. డింభకాన్ని చంపడమా, తరిమివేయడమా, పట్టు దొరకకుండా చేయడమా అన్న మూడు మార్గాలలో ఏదో ఒకదానిని ఎంచుకొన్నవే ఇంతవరకు వచ్చిన పూతలన్నీ.

పాచి వలన నష్టమెంత

నున్నని అడుగు నీటిని సులభంగా కోసుకొంటూ పోతుంది. గరుకుదేరిన అడుగుకు నీటి ఒరిపిడి పెరుగుతుంది. అదే వేగం నిలబెట్టుకోవాలంటే ఇంజను ఎక్కువ ఇంధనం తాగవలసిందే. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ భాగస్వామ్యంతో నడిచిన ‘గ్లోఫౌలింగ్’ పథకపు అధ్యయనం ప్రకారం, కేవలం అర మిల్లీమీటరు మందాన పాచి ఓడ అడుగులో సగం వరకు కప్పితే, ఓడ తీరునుబట్టి, వేగాన్నిబట్టి కర్బన ఉద్గారాలు 25 నుంచి 30 శాతం వరకు పెరుగుతాయి. ఒక మోస్తరు కంటైనర్ ఓడ అడుగులో నూటికి ఒక వంతు మేర చిన్న బార్నకిల్‌లు పట్టినా ఆ పెరుగుదల 55 శాతం వరకు చేరవచ్చునని అదే అధ్యయనం తెలిపింది. గట్టి గుల్లలు దట్టంగా పేరుకొన్న యుద్ధనౌకకు మామూలు ప్రయాణవేగం వద్ద 86 శాతం అదనపు శక్తి కావలసి వస్తుందని అమెరికా నౌకాదళ విద్యాలయ పరిశోధకుడు మైకేల్ షుల్జ్ 2007లో లెక్కకట్టారు.

కనుక పాచి పట్టిన ఓడ కూడా పర్యావరణానికి శత్రువే. పూతలో విషం మానివేసినంత మాత్రాన సమస్య తీరదని ఈ అంకెలు గుర్తుచేస్తాయి.

మన జాలరుల తెప్పకు ఈ బెడద లేదు. వేట ముగియగానే తెప్పను ఇసుక మీదికి లాగి, దుంగలు విప్పి ఎండబెట్టడం ఆనవాయితీ. తూర్పు తీరంలో కళింగపట్నం వైపున గానీ, ఎగువన గోపాలపూర్, పూరీ తీరాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు జాలరుల పేటలలో గానీ ఇదే పద్ధతి. రోజూ ఎండే కొయ్యపై బార్నకిల్ బతకదు. అంతకంటె పర్యావరణ హితమైన పద్ధతిని ఏ ప్రయోగశాలా కనిపెట్టలేదు. అయితే లక్ష టన్నుల ఓడను ఇసుక మీదికి లాగడం సాధ్యం కాదు. రేవులో నెలల తరబడి నీటిమీదనే ఉండే మరపడవకు కూడా అది కుదరదు.

రాగిరేకుల కాలం

ప్రాచీనులు తారు, మైనం, సీసపు రేకులు వంటివి ప్రయత్నించారు. గట్టి ఫలితమిచ్చిన మొదటి ఉపాయం రాగి. బ్రిటిష్ నౌకాదళం 1761లో ‘అలారమ్’ అనే యుద్ధనౌక అడుగంతటినీ రాగిరేకులతో కప్పి వెస్టిండీస్‌కు పంపింది. తిరిగివచ్చిన తరువాత పరీక్షించగా కొయ్యను తొలిచే పురుగు గానీ, నాచు గానీ పట్టలేదు. కాని రేకులను బిగించిన ఇనుప మేకులు చాలావరకు తుప్పుతో తినివేయబడి ఉన్నాయి. ఉప్పునీటిలో రాగీ ఇనుమూ తాకుతూ ఉంటే విద్యుత్ ఘటంలో వలె ఇనుము కరిగిపోతుందన్న సంగతి అప్పటికి తెలియదు. కొన్ని మేకులకూ రాగికీ మధ్య రేకులు చుట్టి వచ్చిన కాగితం అలాగే మిగిలిపోయింది. కాగితం ఉన్నచోట మేకు చెక్కుచెదరలేదు. ఆ కాగితమే అసలు కారణాన్ని పట్టిచ్చింది. తరువాత రాగి మిశ్రమంతో మేకులు చేయడం నేర్చుకొన్నారు.

ఇంతకంటె ఆసక్తికరమైనది హంఫ్రీ డేవీ అనుభవం. గని కార్మికుల దీపాన్ని కనిపెట్టిన రసాయన శాస్త్రవేత్త ఆయనే. రాగిరేకులు సముద్రంలో క్రమంగా కరిగి పలుచబడుతున్నాయని నౌకాదళం మొరపెట్టుకోగా, 1824లో ఆయన రేకులకు జింకు, ఇనుప ముక్కలను తగిలించి, రాగికి బదులు అవి కరిగే ఏర్పాటు చేశాడు. రసాయన శాస్త్రం దృష్ట్యా ప్రయోగం నూటికి నూరుపాళ్లు ఫలించింది. రాగి కరగడం ఆగిపోయింది. కాని ఓడల అడుగున నాచూ గుల్లలూ దట్టంగా పేరుకొన్నాయి. చివరకు నౌకాదళం ఆ పద్ధతిని మానుకొంది. రాగి ఓడను కాపాడుతున్నది తాను కరిగి, నీటిలో విషంగా మారడం వల్లనే అని అప్పుడు బోధపడింది. నేటి రాగి రంగులు కూడా సరిగ్గా ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. నీటిలోకి ఏమీ కారని రాగి పూత, పూతగా పనికిరాదు.

ఇనుప ఓడలు వచ్చాక రాగిరేకు పనికిరాకుండా పోయింది. రేకు తగిలితే ఓడ ఇనుమే తుప్పుపట్టిపోతుంది గదా. అందుచేత 19వ శతాబ్దంలో రాగి ఆక్సైడు, పాదరసం, ఆర్సెనిక్ వంటివి కలిపిన రంగులు వచ్చాయి. అవి ఏడాది, ఏడాదిన్నర పనిచేసి ఊరుకొనేవి.

తగరపు రంగు తెచ్చిన ముప్పు

1960 దశకంలో ట్రైబ్యుటైల్ టిన్, క్లుప్తంగా టీబీటీ అనే సేంద్రియ తగర సమ్మేళనం రంగులలోకి వచ్చింది. 1970 దశకంలో దానిని రంగు జిగురులోనే రసాయన బంధంతో కలిపే విధానం కనిపెట్టారు. సముద్రపు నీరు కొంచెం క్షారగుణం కలది. ఆ క్షారం పైపొరలోని బంధాన్ని మెల్లగా తెంపుతుంది. తగరం విడుదలవుతుంది, మిగిలిన జిగురు నీటి ఒరిపిడికి కొట్టుకుపోతుంది, కింది నుంచి తాజా పొర బయటపడుతుంది. సబ్బు అరిగినట్లు రంగు తనంతట తానే అరుగుతూ, ఎప్పటికప్పుడు నునుపుదేరుతూ ఉంటుంది. ఒకసారి వేస్తే అయిదేళ్లు. ఓడ యజమానులకు ఇంతకంటె ఏం కావాలి? కొద్ది కాలంలోనే ప్రపంచంలోని పెద్ద ఓడలలో అధిక భాగానికి ఇదే రంగయింది.

మొదటి దెబ్బ ఫ్రాన్సు పశ్చిమ తీరంలోని ఆర్కషాన్ అఖాతంలో తగిలింది. అక్కడ ఆల్చిప్పల పెంపకం తరాలుగా వస్తున్న జీవనోపాధి. ఆ అఖాతమే విలాస పడవలకు విడిది కూడా. 1970 దశకం చివరి నుంచి అక్కడ ఆల్చిప్పల పిల్లలు నిలవడం మానేశాయి. పెద్దవాటి చిప్పలు పొరలు పొరలుగా మందమెక్కి, పొరల మధ్య జిగట పదార్థం నిండి, లోపల కండ లేక అమ్మకానికి పనికిరాకుండా పోయాయి. మామూలు సంవత్సరాలలో 10,000 నుంచి 15,000 టన్నులు ఉండే దిగుబడి 1981లో 3,000 టన్నులకు పడిపోయింది. క్లోడ్ అల్జియూ మొదలైన ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఇందుకు కారణం పడవల రంగులోని తగరమేనని తేల్చారు. 1982 జనవరిలో ఫ్రాన్సు ప్రభుత్వం 25 మీటర్ల లోపు పడవలకు ఆ రంగు వాడరాదని ఆంక్ష విధించింది. తరువాతి సంవత్సరాలలో ఆల్చిప్పలు తిరిగి కోలుకొన్నాయి.

ఇంగ్లండు తీరంలో మరొక వింత బయటపడింది. ప్లిమత్ పరిసరాలలోని ఒక జాతి సముద్రపు నత్తలలో ఆడవాటికి మగ జననాంగం మొలుస్తున్నదని 1970లో ఒక పరిశోధకుడు గమనించాడు. కారణం తెలియడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. 1980 దశకం మధ్యలో ప్లిమత్ శాస్త్రజ్ఞులు బ్రయన్, గిబ్స్ దానిని టీబీటీతో ముడిపెట్టి నిరూపించారు. లీటరు నీటిలో ఒక నానోగ్రాము, అంటే వంద కోట్ల లీటర్ల నీటిలో ఒకే ఒక గ్రాము టీబీటీ ఉన్నా ఆ మార్పు మొదలవుతుంది. మార్పు ముదిరిన ఆడనత్త గుడ్లు పెట్టలేదు. రాళ్ల మీద ఆ జాతి జాడే లేకుండా పోయిన తీరాలున్నాయి. కనిపెట్టినవారెవరూ నత్తలను ఉద్దేశించి ఆ రంగును తయారుచేయలేదు. అసలు నత్తల సంగతి ఎవరి ఆలోచనలోనూ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

బ్రిటన్ 1987లో, అమెరికా 1988లో చిన్న పడవలపై ఆంక్షలు పెట్టాయి. పెద్ద ఓడల విషయం తేలడానికి మరింత కాలం పట్టింది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆధ్వర్యంలో 2001 అక్టోబరు 5న హానికర పూతల నియంత్రణ ఒప్పందం కుదిరింది. 2003 నుంచి కొత్తగా తగరపు రంగు వేయరాదు, 2008 నుంచి ఓడ అడుగున అసలు ఉండరాదు అని అందులో గడువులు. 2008 సెప్టెంబరు 17న ఒప్పందం అమలులోకి వచ్చింది. భారతదేశం 2014లో వాణిజ్య నౌకల చట్టాన్ని సవరించి ఈ నిబంధనలను చేర్చుకొంది. 2023 జనవరి నుంచి సైబ్యుట్రిన్ అనే మరొక నాచు సంహారిణి కూడా ఈ నిషేధపు పట్టికలో చేరింది. రాగికి తోడుగా నాచును చంపడానికి ఎన్నో ఏళ్లు వాడిన మందు అది. నిషిద్ధమైన దానికి బదులుగా వచ్చినది కూడా కొన్నేళ్లకు నిషిద్ధం కావడం ఈ రంగంలో మామూలైపోయింది.

విశాఖ రేవుకు వచ్చిన పిలవని అతిథి

పూత సరిగా పనిచేయకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరదేశాలు పోనవసరం లేదు. విశాఖపట్నం నౌకాశ్రయంలో పట్టే పాచినీ గుల్లలనూ ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర ఆచార్యులు పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1950 దశకం నుంచే అధ్యయనం చేస్తూ వచ్చారు. 1967 ప్రాంతంలో ఆ నౌకాశ్రయంలో అంతకుముందెన్నడూ మన దేశంలో చూడని ఒక చిన్న ఆల్చిప్ప కనిపించింది. అంగుళానికి మించని ఆ చిప్ప అసలు నివాసం అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవల కరీబియన్ ప్రాంతపు వెచ్చని నీళ్లు. గణపతి బృందం 1971లో ఆ సంగతిని ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రకటించింది. శాస్త్రీయ నామం మైటిలాప్సిస్ సాలీ. అది స్వయంగా అన్ని సముద్రాలు ఈదుకొంటూ రాలేదు. ఓడల అడుగున అంటుకొనో, ఓడలు నిలకడ కోసం నింపుకొనే నీటిలోనో వచ్చి ఉండాలి.

ఉప్పునీరైనా, వాన కాలంలో ఉప్పు తగ్గిన నీరైనా అది తట్టుకొంటుంది. నెల తిరిగేసరికి సంతానయోగ్యమవుతుంది. రేవులోని స్తంభాలు, తేలుడు బొయ్యాలు, పడవలు అన్నింటి మీద గుత్తులు గుత్తులుగా పేరుకొంటుంది. తరువాత ముంబయి రేవులోనూ స్థిరపడింది. ఒకసారి రేవు పట్టిన ఈ జీవిని వదిలించిన సందర్భం ప్రపంచంలో బహు అరుదు. 1999లో ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్ పట్టణపు పడవల రేవులో ఇదే చిప్ప బయటపడింది. కొన్నిచోట్ల చదరపు మీటరుకు 20,000కు పైగా ఉన్నాయి. అక్కడి రేవులకు నీటిని ఆపే తలుపులుండడం వల్ల వాటిని మూసివేసి, లోపలి నీటిలో క్లోరిన్, కాపర్ సల్ఫేట్ కలిపారు. నెల తిరగకుండానే చిప్పలన్నీ చచ్చాయి. వాటితోపాటు ఆ నీటిలోని మిగతా జీవాలు కూడా చచ్చాయి. విశాఖ వంటి తెరిచిన నౌకాశ్రయంలో ఆ వైద్యం ఊహకైనా అందదు.

ఆంధ్ర, తమిళనాడు సరిహద్దున ఉన్న పులికాట్ సరస్సు దక్షిణపు కొసకు దిగువన ఎన్నూరు వద్ద కొసస్తలైయార్ నది ముఖద్వారంలో జాలరులు ఇటీవలి ఏళ్లలో ఇలాంటి మరొక చిప్ప మీద మొరపెట్టుకొంటున్నారు. అక్కడివారు దానిని ‘కాక్కా ఆళి’ అంటారు. దక్షిణ అమెరికాకు చెందిన చారు ఆల్చిప్పగా శాస్త్రజ్ఞులు గుర్తించారు. అది నేలమీద చాపలా పరుచుకొంటే అడుగు బురదలో రొయ్య నిలవదు, చేత్తో రొయ్యలు పట్టి బతికేవారికి కూలి దొరకదు. ఇది కూడా ఓడల ద్వారానే చేరి ఉంటుందని అక్కడివారి అనుమానం.

ఈ రెండు పక్కలనూ కలిపి చూస్తేగాని పూతల మంచిచెడ్డలు తేలవు. ఆర్కషాన్‌లో పూతలోని విషం జీవనోపాధిని చెరిచింది. ఎన్నూరులో విదేశీ జీవి అదే పని చేసింది. రెండు చోట్లా నష్టపోయినవారికి ఓడలలో వాటా లేదు.

రాగి నేటి స్థితి

తగరం పోయాక పరిశ్రమ తిరిగి రాగిని ఆశ్రయించింది. నేడు ప్రపంచంలో అత్యధికంగా వాడుకలో ఉన్నవి క్యూప్రస్ ఆక్సైడు కలిపిన రంగులే. ఎర్రమట్టి రంగులో కనిపించే ఓడ అడుగుకు ఆ వర్ణం చాలావరకు దీనివల్లనే వచ్చింది. తగరపు రంగులాగే మెల్లగా అరిగే జిగురులను తగరం లేకుండా తయారుచేశారు. తగరంతో పోలిస్తే రాగి ఎంతో మేలు. అది ప్రకృతిలో ఉన్న మూలకం, జీవులకు అణుమాత్రం అవసరం కూడా. అయితే నీటి కదలిక తక్కువై పడవలు కిక్కిరిసిన రేవులలో అది పేరుకొంటుంది. కాలిఫోర్నియాలో శాన్‌డియేగో వద్ద ఒక విలాస పడవల రేవులో రాగిని తగ్గించవలసిందిగా 2005లో ప్రత్యేక ఆదేశమే ఇవ్వవలసి వచ్చింది. అదే రాష్ట్రం 2018 జూలై నుంచి విలాస పడవల రంగులోంచి రోజుకు చదరపు సెంటీమీటరుకు 9.5 మైక్రోగ్రాములకు మించి రాగి కారరాదని హద్దు పెట్టింది. వాషింగ్టన్ రాష్ట్రం 2011లో ఏకంగా నిషేధ చట్టమే చేసి, ప్రత్యామ్నాయ మందులు రాగికంటె మేలైనవని తేలనందున అమలును వాయిదా వేసింది. తొందరపడి మార్చుకోకుండా ఆగడం కూడా ఒక్కోసారి వివేకమే.

చంపని పూత: సిలికోను

విషం అసలే లేని పూతలలో వాడుకకు వచ్చి నిలిచినది సిలికోను రబ్బరు పూత. దీని సూత్రం వేరు. జీవి అతుక్కోవడాన్ని ఇది ఆపదు. అతుక్కొన్న పట్టు బలంగా ఉండనివ్వదు. తామరాకు మీద నీటిబొట్టు నిలవనట్లు, ఈ పొరమీద జిగురు వ్యాపించి గట్టిపడదు. ఓడ కదలగానే నీటి వేగానికి జీవి ఊడిపోతుంది. పదార్థపు ఉపరితల శక్తికీ జీవుల పట్టుకూ గల సంబంధాన్ని అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బేయర్ 1960 దశకం చివరలో గ్రాఫుగా గీసి చూపాడు. ఆ శక్తి మరీ తక్కువైనా, ఎక్కువైనా పట్టు పెరుగుతుంది. మధ్యలో ఒక చోట మాత్రమే అత్యల్పం. సిలికోను దాదాపు ఆ చోటనే ఉంటుంది. దానికి తోడు అది మెత్తనిది. గట్టి గుల్ల మెత్తని పొరమీద నుంచి అంచు లేచి వలిచినట్లు ఊడుతుంది.

ఈ ఆలోచనకు పేటెంట్లు 1960, 70 దశకాలలోనే వచ్చినా, తగరపు రంగు చవకగా దొరికినంతకాలం ఎవరికీ అవసరం కలగలేదు. 1990 దశకం రెండవ భాగంలో వేగంగా పోయే ఓడలకు అమ్మకానికి వచ్చింది. 2006లో జలప్రవేశం చేసిన డెన్మార్కు కంటైనర్ నౌక ‘ఎమ్మా మర్‌స్క్’, ఆనాటికి ప్రపంచంలోకెల్లా పెద్దది, అడుగుకు సిలికోను పూతతోనే బయలుదేరింది. దానివల్ల ఏటా 1,200 టన్నుల ఇంధనం మిగులుతుందని అంచనా వేశారు.

లోపాలు లేకపోలేదు. పూత ఖరీదు ఎక్కువ. మెత్తనిది కావడంతో లంగరు గొలుసు గీసుకొన్నా, రేవు గోడకు ఒరుసుకొన్నా చీలిపోతుంది; చీలిన చోట గుల్ల పడుతుంది. వేసే ముందు పాత రంగును లోహం కనబడేవరకు గీకివేయాలి. సిలికోను తుంపర పక్కనున్న మరో రంగు మీద పడితే ఆ రంగు అతుక్కోదు కాబట్టి డ్రైడాక్‌లో ప్రత్యేక జాగ్రత్తలు కావాలి. అన్నిటికంటె ముఖ్యం, ఓడ కదలాలి. తొలినాటి పూతలకు 15 నాట్లు, అంటే గంటకు సుమారు 28 కిలోమీటర్ల వేగం ఉంటేగాని శుభ్రపడేది కాదు. తరువాతివి ఇంకా తక్కువ వేగానికే పనిచేస్తున్నాయి. అయినా సరుకు కోసం నెలల తరబడి లంగరు వేసి ఉండే ఓడకు ఇవి తగవు. మెత్తని పాచి మాత్రం వేగానికి కూడా పూర్తిగా వదలదు. కొన్నింటిలో జారుడు కోసం కలిపే నూనెలు నీటిలోకి కారుతాయి. ఫ్లోరిన్ కలిపినవాటి విషయంలో, ప్రకృతిలో క్షయం కాకుండా నిలిచిపోయే రసాయనాల గురించిన ఆందోళన నేడు పెరుగుతున్నది. ‘విషరహితం’ అని డబ్బా మీద అచ్చువేసినంత మాత్రాన విచారణ ముగిసినట్లు కాదు.

మరికొన్ని ప్రయత్నాలు

స్వీడన్‌లో యోటెబొరి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఉపాయం చమత్కారమైనది. పశువైద్యంలో మత్తుమందుగా వాడే మెడిటొమిడిన్‌ను రంగులో వెయ్యింట ఒక వంతు చొప్పున కలుపుతారు. మనిషికీ పశువుకూ నిద్ర తెప్పించే ఆ మందు బార్నకిల్ డింభకానికి మాత్రం కాళ్లు ఆడించక తప్పని అవస్థ తెస్తుంది. అది ఈదుకొంటూ దూరంగా పోతుందేగాని అతుక్కోలేదు. ఆవలికి పోగానే మందు ప్రభావం తగ్గుతుంది, జీవి బతికే ఉంటుంది. అయితే ఇది నాచు మీద పనిచేయదు కాబట్టి రాగి గానీ మరొకటి గానీ తోడుండవలసిందే.

సొరచేప చర్మాన్ని చూసి నేర్చుకొన్న పాఠం మరొకటి. నెమ్మదిగా కదిలే తిమింగలాల ఒంటిమీద కూడా గుల్లలు పడతాయి, సొరచేప మీద పడవు. అమెరికా నౌకాదళం కోరిక మీద ఫ్లోరిడా విశ్వవిద్యాలయ ఆచార్యులు ఆంథొనీ బ్రెన్నన్ ఆ చర్మంలోని సూక్ష్మ గాళ్ల అమరికను అనుకరించి ఒక ఉపరితలాన్ని రూపొందించారు. ప్రయోగశాలలో పచ్చనాచు బీజాలు దాని మీద సుమారు 85 శాతం తక్కువగా పట్టాయి. కాని ఒక జీవికి సరిపడని గాళ్ల కొలత మరొక జీవికి హాయిగా కుదరవచ్చు. అంత సూక్ష్మమైన నగిషీని వందల మీటర్ల ఓడ అడుగంతటా నిలబెట్టడమూ సాధ్యపడలేదు. ఆ ఉపరితలం చివరకు ఆసుపత్రి పరికరాల వైపు దారి మళ్లింది.

గట్టి ఎపాక్సీ పూత వేసి, పాచి పలుచగా ఉన్నప్పుడే యంత్రాలతో తుడిచే పద్ధతి కూడా ప్రచారంలోకి వస్తున్నది. ఓడ అడుగున అయస్కాంతంతో అంటుకొని తిరిగే మర బ్రష్షులు 2020 తరువాత వాణిజ్య ఓడల మీద పనిచేస్తున్నాయి. ఇక్కడ షరతు ఒకటే. తుడిచిన మురికిని అక్కడే పట్టి ఒడ్డుకు చేర్చాలి. రేవులోనే వదిలితే రంగు తునకలూ విదేశీ జీవులూ కలిసి నేరుగా ఆ నీటిలో పడతాయి.

మన నీటికి తగిన పరీక్ష

చలి సముద్రాలలో ఏడాదికి కొన్ని నెలలే గుల్లలు పడతాయి. మన తీరంలో నీరు ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటుంది కనుక విరామం లేకుండా పడుతూనే ఉంటాయి. ఉత్తర యూరపులో అయిదేళ్లు నిలిచిన పూత ఇక్కడ అంతకాలం నిలుస్తుందని అనుకోరాదు. అందువల్లనే మన నీటిలోనే పరీక్షలు జరగాలి. మహారాష్ట్రలో అంబర్‌నాథ్ వద్దనున్న నౌకాదళ పదార్థ పరిశోధనాశాల యుద్ధనౌకల పూతల మీద, కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేపల పడవలకూ వలలకూ వేసే పూతల మీద పనిచేస్తున్నాయి. పరీక్ష తీరు సాదా అయినదే. రంగు వేసిన పలకలను తేలుడు తెప్ప నుంచి నీటిలోకి వేలాడదీసి, నెల నెలా పైకి తీసి, ఎంత మేర ఏ జీవి పట్టిందో లెక్కిస్తారు. పక్కనే రంగు వేయని పలక ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. దానిని చూస్తేగాని పూత పనిచేసిందో, ఆ నెలలో సముద్రంలోనే డింభకాలు తక్కువో తెలియదు.

నిబంధనల సంగతి మరికొంత మిగిలింది. 2001 నాటి ఒప్పందం పూతలోని హానికర రసాయనాలను మాత్రమే పట్టించుకొంటుంది. ఓడ అడుగున వచ్చే జీవుల గురించి అంతర్జాతీయ సంస్థ 2011లో మార్గదర్శకాలు వెలువరించి 2023లో సవరించినా అవి సలహాలే, తప్పనిసరి కావు. న్యూజిలాండ్ 2018 మే నుంచి శుభ్రమైన అడుగుతో వస్తేనే దేశపు నీటిలోకి రానిచ్చే నియమం పెట్టి, ఆ పని చేసిన మొదటి దేశమైంది. అందరికీ వర్తించే కట్టుబాటు తేవడానికి 2025 ఏప్రిల్‌లో లండన్ సమావేశం అంగీకరించింది. ముసాయిదా తయారీ ఇకమీదటి పని.

చిన్న రేవులలో ఈలోగా చేయదగినది ఒకటుంది. పెద్ద ఓడ డ్రైడాక్‌లో గీకిన పాత రంగును ప్రమాదకర వ్యర్థంగా లెక్కించి పోగుచేయాలి. ఒడ్డున పడవను ఒరగబెట్టి గీకినప్పుడు మాత్రం ఆ పొట్టు ఇసుకలో కలిసి, తరువాతి పోటుకు నీటిలో పడుతుంది. పడవ కింద ముందుగా ఒక టార్పాలిన్ పరచుకొంటే చాలావరకు చేతికందుతుంది. పొట్టును కాల్చరాదు, పొగలోకి లోహాలు చేరతాయి. గీకేవారు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి, పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు. అల్యూమినియం పడవకు రాగి రంగు వేయనే కూడదు. ‘అలారమ్’ ఓడ ఇనుప మేకులకు పట్టిన గతే ఆ లోహానికీ పడుతుంది.